టైల్ కింద ఏముందో చూశాకే మేస్త్రికి లెక్క కట్టండి

ఇల్లు కట్టుకునేవాళ్లు ఫ్లోరింగ్ గురించి ఆలోచించడం మొదలుపెట్టేది దాదాపు ఎప్పుడూ షాపులోనే. అప్పటికి స్లాబు పడిపోయి ఉంటుంది, గుమ్మాలు నిలబెట్టేసి ఉంటారు, గృహప్రవేశానికి ముహూర్తం కూడా పెట్టించేసుకుని ఉంటారు. షోరూం లైట్ల కింద మెరిసే నాలుగు రకాలు చూసి, ఇంట్లో అందరికీ నచ్చిన రంగు ఒకటి ఖాయం చేసుకుని, చదరపు అడుగుకి ఓ రెండు రూపాయలు బేరమాడి ఆర్డరు ఇచ్చేసి వస్తారు. ఆ రెండు రూపాయల మీద పెట్టిన శ్రద్ధలో పావు వంతు కూడా టైల్ కింద వేసే మాలు (సిమెంటు, ఇసుక కలిపిన మిశ్రమం) మీద, మట్టం మీద, వాటం (నీళ్లు పారే వాలు) మీద పెట్టరు. నాలుగైదేళ్లకి హాల్లో నడుస్తుంటే డొల్ల శబ్దం వస్తుంది, బాత్రూంలో నీళ్లు జాలీ వైపు పోకుండా గుమ్మం వైపు వస్తాయి, అప్పుడు తప్పు కంపెనీదా మేస్త్రిదా అని గొడవ మొదలవుతుంది. చాలా ఇళ్లలో టైల్ బాగానే ఉంటుంది. మామూలు రకం టైల్ చక్కగా వేస్తే ఇరవై ఏళ్లు నడుస్తుంది, ఎంత ఖరీదైన రాయైనా కింద సరిగ్గా కూర్చోకపోతే రెండేళ్లకే బయటపడుతుంది.

స్థలం కొని సొంతంగా కట్టించుకునే ఇంట్లో నేల పని నిజానికి పునాది గోడల మధ్య మట్టి నింపే రోజునే మొదలవుతుంది. తవ్వి తీసిన మట్టినే, అందులో వేర్లు, ఇటుక ముక్కలు, ఖాళీ సిమెంటు సంచులు అన్నీ కలిపి గుమ్మరించేసి, పైన ఒకసారి నీళ్లు కొట్టి వదిలేస్తే ఆ మట్టి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది, దాంతోపాటు పైనున్న నేలా కుంగుతుంది. గ్రావెల్ గానీ మొరం గానీ ఆరు నుంచి తొమ్మిది అంగుళాల మందాన పొరలు పొరలుగా పోసి, ప్రతి పొరనీ తడిపి, దిమ్మిసతోనో మెషీన్‌తోనో గట్టిగా కొట్టించాలి. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి ఉన్నచోట అయితే తవ్విన మట్టిని తిరిగి లోపల వేయనివ్వనే కూడదు. వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే ఆ మట్టి పైనున్న బండల్ని కూడా కదిలించేస్తుంది. ఆ తర్వాత చెదల మందు, దానిమీద మూడు నాలుగు అంగుళాల కాంక్రీటు బెడ్డు, దానికి కనీసం వారం రోజులు క్యూరింగ్. ఈ పనులన్నీ పైన కప్పేశాక ఎవరికీ కనపడవు కాబట్టి ఏ రోజుకారోజు ఫోనులో ఫోటోలు తీసి పెట్టుకోవాలి. పైపులు ఎక్కడెక్కడ పోతున్నాయో టేపు పక్కన పెట్టి తీసిన ఫోటో ఒక్కటి చాలు, తర్వాత డ్రిల్లింగ్ పెట్టేటప్పుడు ఎంతో పనికొస్తుంది.

గుమ్మాలు నిలబెట్టకముందే, మెట్లు పోయకముందే తేల్చుకోవాల్సిన విషయం ఇంకొకటి ఉంది: నేల మొత్తం మందం ఎంత రాబోతోంది? విట్రిఫైడ్ టైల్ 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటుంది, కింద మాలుతో కలిపితే రెండు, రెండున్నర అంగుళాలు అవుతుంది. తాండూరు బండ అయితే బండే అంగుళం దాకా ఉండొచ్చు, పైగా ఒక బండ మందం ఇంకో బండకి ఉండదు కాబట్టి కింద బెడ్డు ఇంకాస్త ఎక్కువ కావాలి, మూడంగుళాలు దాటుతుంది. టైల్ అనుకుని తలుపులు పెట్టించి ఆఖర్లో బండలకి మారితే తలుపు కింద కోయాల్సి వస్తుంది. అంతకన్నా ఇబ్బంది మెట్ల దగ్గర. కాంక్రీటు మెట్లు పోసేటప్పుడు ఫ్లోరింగ్ మందం లెక్కలోకి తీసుకోకపోతే మొదటి మెట్టూ చివరి మెట్టూ మిగతావాటికంటే పొట్టిగానో పొడుగ్గానో వస్తాయి. మెట్లెక్కేటప్పుడు కాలు ఒక ఎత్తుకి అలవాటు పడిపోతుంది, అక్కడ అర అంగుళం తేడా వచ్చినా పెద్దవాళ్లు తట్టుకుని పడతారు. దీన్ని తర్వాత సరిచేయడం దాదాపు అసాధ్యం.

ఇక ఏం వేయించాలన్న ప్రశ్న. మన దగ్గర ఇప్పుడు ఎక్కువ ఇళ్లలో పడుతున్నది విట్రిఫైడ్ టైల్, అందులో చాలా భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే సరుకే. షాపువాళ్లు చెప్పే పేర్లు వింటే కంగారు పుడుతుంది గానీ తేడా అర్థం చేసుకోవడం సులువే. జీవీటీ (గ్లేజ్డ్ విట్రిఫైడ్ టైల్) అంటే పైన గాజులాంటి గ్లేజు పొర వేసి దానికింద డిజైన్ ప్రింటు చేసిన టైల్, ఆ పొర మిల్లీమీటరు కూడా ఉండదు. దాన్నే అద్దంలా పాలిష్ చేస్తే పీజీవీటీ (పాలిష్డ్ జీవీటీ). చూడ్డానికి ఇటాలియన్ మార్బుల్‌లా ఉంటాయి, కానీ ఇసుక రేణువులు కాళ్లతో లోపలికి వచ్చే చోట, బరువైన సామాను ఈడ్చే చోట గీతలు పడితే ఆ గీత ప్రింటు పొర మీదే పడుతుంది, ఇంక పోదు. డబుల్ చార్జ్ టైల్‌లో రంగు పొర 3 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, డిజైన్లు అంత రకరకాలుగా ఉండవు, రద్దీ ఎక్కువున్న హాలుకి, వరండాకి ఇదే మేలు. ఫుల్ బాడీ అంటే పైనుంచి కిందిదాకా ఒకటే రంగు, అంచు పగిలినా తేడా తెలియదు కాబట్టి మెట్లకి, మూలలకి బాగుంటుంది. సిరామిక్ అని చవగ్గా వచ్చేవి గోడలకి సరే. విట్రిఫైడ్ నీళ్లు పీల్చడం బరువులో అర శాతం లోపే ఉండాలి, గోడ టైల్స్ పది శాతం పైన పీలుస్తాయి. టైల్ వెనక్కి తిప్పి నాలుగు చుక్కల నీళ్లు వేసి కాసేపు చూస్తే షాపులోనే తేలిపోతుంది.

కొనేటప్పుడు కొలత దగ్గర చిన్న తిరకాసు ఉంది, చాలామంది గమనించరు. 2×2 అడుగుల టైల్ అని మనం అనుకునేది నిజానికి 600×600 మిల్లీమీటర్లు, అంటే 24 అంగుళాల కంటే కాస్త తక్కువ. నాలుగు టైల్స్ బాక్సు 1.44 చదరపు మీటర్లు, అంటే 15.5 చదరపు అడుగులు. 600×1200 టైల్స్ రెండున్న బాక్సు కూడా అంతే. షాపులో 16 అడుగులని లెక్కేసి బిల్లు రాస్తే ప్రతి బాక్సుకీ అర అడుగు డబ్బు ఊరికే పోయినట్టు. 1200 చదరపు అడుగుల నేలకి పది శాతం వేస్టేజీ కలిపితే 1320, దాన్ని 15.5తో భాగిస్తే 86 బాక్సులు కావాలి. 16తో లెక్కేస్తే 83 చాలనిపిస్తుంది, ఆఖర్లో మూడు బాక్సులు తగ్గి మళ్లీ షాపుకి పరిగెత్తితే అదే షేడు దొరకదు. బాక్సు మీద షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు ఉంటాయి, అన్ని బాక్సుల మీదా ఒకటే ఉన్నాయా అని సరుకు దించుకునేటప్పుడే చూడాలి. రెండు టైల్స్ ముఖాముఖి ఆనించి నాలుగు మూలలూ నొక్కి చూస్తే ఊగుతోందంటే అది వంగిందని అర్థం. 2×4 టైల్స్‌లో మధ్యలో కొద్దిపాటి వంపు మామూలే, కానీ అలాంటి టైల్స్‌ని ఇటుకల్లాగా సగానికి సగం జరిపి వేయిస్తే ఒకదాని ఎత్తు భాగం ఇంకోదాని పల్లం పక్కకి వచ్చి అంచులు కాలికి తగులుతాయి. నేరుగా వేయించడమో, మూడో వంతు మాత్రమే జరిపి వేయించడమో మంచిది.

రాయి సంగతి వేరు, దానిగురించి కాస్త ఎక్కువే చెప్పుకోవాలి, ఎందుకంటే మన రెండు రాష్ట్రాల్లో దొరికినన్ని రకాల నేలరాళ్లు చాలాచోట్ల దొరకవు. వికారాబాద్ జిల్లా తాండూరు నుంచి నీలం, పసుపు ఛాయల్లో వచ్చే బండలు, నంద్యాల జిల్లా బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాళ్లు, నల్లటి కడప బండలు, ఇవన్నీ సున్నపురాయి జాతివి. గ్రానైట్ అయితే కరీంనగర్, ఖమ్మం వైపు నుంచి, ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వస్తుంది, చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ దేశదేశాలకు ఎగుమతి అవుతుంది. మార్బుల్ రాజస్థాన్‌ది. తాజ్‌మహల్‌కి వాడిన మక్రానా రాయి అక్కడిదే.

టైల్‌కీ రాయికీ మధ్య పనితనం విషయంలో ఒక పెద్ద తేడా ఉంది. తాండూరు బండ గానీ మార్బుల్ గానీ పరిచాక మెషీన్ పెట్టి పాలిష్ చేస్తారు, ఆ పాలిష్‌లో చిన్న చిన్న ఎత్తుపల్లాలు అరిగిపోయి నేలంతా ఒక్క పలకలా వస్తుంది. టైల్ పై పొరని అరగదీయలేం, మేస్త్రి చేసిన తప్పు అలాగే ఉండిపోతుంది. కాబట్టి పెద్ద సైజు టైల్ ఎంచుకుంటే మేస్త్రి కూడా అంత నేర్పరి అయ్యుండాలి. మంచి పనివాడు దొరకని ఊళ్లో 4×8 అడుగుల పెద్ద టైల్స్ తెచ్చి వేయించే కన్నా 2×2 వేయించడమే తెలివైన పని. అలాగే పాత బండల నేల అంటే పల్లెటూరిదని చిన్నచూపు చూడక్కర్లేదు. తాండూరు బండ ఎండాకాలంలో పాదాలకి చల్లగా ఉంటుంది, అరిగినా మళ్లీ పాలిష్ పట్టించుకోవచ్చు, దగ్గర్లో దొరుకుతుంది కాబట్టి రవాణా ఖర్చు తక్కువ. ఎర్ర గచ్చు నేలలు కూడా కొందరు మళ్లీ అడిగి వేయించుకుంటున్నారు, అయితే ఆ పని తెలిసిన చేతులు ఇప్పుడు బాగా తగ్గిపోయాయి, నమూనా చూడకుండా ఒప్పుకోకూడదు.

సున్నపురాయికీ మార్బుల్‌కీ ఒక బలహీనత ఉంది: పులుపు పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగర్ పడి కాసేపు ఉంటే అక్కడ మెరుపు చచ్చి తెల్లటి మచ్చ మిగులుతుంది, ఎంత తుడిచినా పోదు, ఎందుకంటే అది మరక అనడం కన్నా రాయి పై పొరనే తినేసింది అనడం సరైనది. అందుకే వంటింట్లో మార్బుల్ వద్దనేది. ఇంతకన్నా పెద్ద నష్టం పని ముగిసిన రోజున జరుగుతుంది. సిమెంటు మరకలు వదిలించడానికని పనివాళ్లు యాసిడ్ నీళ్లు చల్లి చీపురుతో రుద్దేస్తారు. తాండూరు, కడప బండల మీద, మార్బుల్ మీద ఆ యాసిడ్ పడితే కొత్త నేల పాడైపోయినట్టే. విట్రిఫైడ్ టైల్‌కి పెద్దగా ఏం కాకపోయినా జాయింట్లలో నింపిన గ్రౌటు (సందులు పూడ్చే సిమెంటు) కరిగి గుల్లవుతుంది, తర్వాత అక్కడినుంచే నీళ్లు లోపలికి దిగుతాయి. యాసిడ్ వాడనని మేస్త్రి చేత ముందే ఒప్పించాలి, మాలు పడ్డప్పుడే తడిగుడ్డతో తుడిపిస్తే దాని అవసరమే రాదు.

గ్రానైట్ కొనడానికి వెళితే ఒక నీళ్ల సీసా, కాస్త దూది, కొంచెం థిన్నర్ వెంట తీసుకెళ్లండి. పలక తడిపి ఆరనిస్తే వెంట్రుకవాసి పగులు ఉన్నచోట తడి ఆలస్యంగా ఆరి గీత కనిపిస్తుంది. నల్ల గ్రానైట్‌ని దూదికి థిన్నర్ తడిపి రుద్దితే నల్లరంగు అంటుకుందంటే అది రంగు పట్టించిన రాయి. మందం 16 నుంచి 18 మిల్లీమీటర్లు అని చెప్పి అంతకంటే పల్చనిది ఇవ్వడం ఉంది, టేపుతో నాలుగు చోట్ల కొలవాలి. పొడవు వెడల్పులు కూడా స్వయంగా కొలిచి రాసుకోవాలి, పలక అంచులు వంకరగా ఉంటే ఆ వంకర భాగాన్ని లెక్కలోంచి తీసేయించాలి.

జారడం గురించి షోరూంలో ఎవరూ మాట్లాడరు, ఇంట్లో పెద్దవాళ్లుంటే మాత్రం మొదట అడగాల్సింది అదే. బాత్రూంకి, వాష్ ఏరియాకి, వాన జల్లు పడే బాల్కనీకి నున్నటి టైల్ వేయించకూడదు. మంచి కంపెనీల కేటలాగుల్లో జారకుండా పట్టు ఎంతో చెప్పే ఆర్ గుర్తు ఉంటుంది, ఆర్9 నుంచి ఆర్13 దాకా. తడి చోట్లకి కనీసం ఆర్10, బయట ఆర్11 తీసుకోవాలి. కేటలాగు లేకపోతే టైల్ మీద నీళ్లు పోసి చెప్పులు తీసి నిలబడి చూడటమే. వాకిలి మెట్లకి పాలిష్ గ్రానైట్ వేయడం మన దగ్గర గౌరవం కింద చెలామణి అవుతోంది గానీ మొదటి వానకే ఎవరో ఒకరు జారతారు, అదే గ్రానైట్‌ని గరుకు ఫినిష్‌లో తీసుకుంటే సరిపోతుంది. లామినేట్ చెక్క నేల తడికి ఉబ్బుతుంది, కోస్తా తేమలో, వానాకాలం నేల చెమర్చే ఇళ్లలో అది పనికిరాదు.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఎండలు ముదిరినప్పుడో చలి ఒక్కసారిగా పెరిగినప్పుడో, ఉన్నట్టుండి హాల్లో పెద్ద చప్పుడై రెండు టైల్స్ ఎదురెదురుగా పెంకుటింటి కప్పులా పైకి లేస్తాయి. భూకంపమేమో అని ఇంట్లోవాళ్లు హడలిపోతారు, టైల్ నాణ్యత బాలేదని షాపువాడి మీదకి వెళ్తారు. ఆ టైల్ లేవడానికి బీజం ఎప్పుడో వేసేరోజే పడింది. కొత్తగా కట్టిన ఇంట్లో కాంక్రీటు మొదటి కొన్నేళ్లు నెమ్మదిగా ముడుచుకుంటూ ఉంటుంది, పైనున్న టైల్ ముడుచుకోదు, పైగా వేడికి కొద్దిగా సాగుతుంది. టైల్‌కీ టైల్‌కీ మధ్య సందు లేకుండా ఆనించి, ఆ వరసని ఈ గోడ నుంచి ఆ గోడదాకా బిగించి వేసేస్తే ఆ ఒత్తిడి పోవడానికి దారి ఉండదు. ఎక్కడ కింది పట్టు బలహీనంగా ఉందో అక్కడ టైల్ విడిపోయి లేస్తుంది. సందు కనపడకుండా వేయడమే గొప్ప పనితనం అని మన మేస్త్రీల్లో చాలామంది నమ్మకం, ఇంటివాళ్లకి కూడా అదే నచ్చుతుంది. ఈ ఒక్క అలవాటు వల్ల పాడైనన్ని నేలలు ఇంక దేనివల్లా పాడవ్వడం లేదేమో అనిపిస్తుంది.

దీనికి చేయాల్సిందల్లా టైల్స్ మధ్య స్పేసర్లు (సందు సమానంగా ఉంచే చిన్న ముక్కలు) పెట్టి 2 నుంచి 3 మిల్లీమీటర్ల సందు వదలడం, గోడ దగ్గర 5 నుంచి 8 మిల్లీమీటర్లు ఖాళీ ఉంచి మాలుతో నింపకుండా వదిలేయడం. ఆ ఖాళీ స్కర్టింగ్ (గోడ అడుగున అంటించే టైల్ పట్టీ) కింద దాక్కుంటుంది. పొడవాటి హాలు అయితే 20, 25 అడుగులకి ఒక జాయింటులో సిమెంటు గ్రౌటు బదులు సాగే గుణమున్న సీలెంటు పెట్టించాలి, ఎండ నేరుగా పడే బాల్కనీ, టెర్రస్‌ల మీద 8 నుంచి 12 అడుగులకే పెట్టించాలి. సందుల్లో మురికి చేరుతుందనే భయం ఉంటే వంటింట్లో, పూజగదిలో ఎపాక్సీ గ్రౌటు వాడండి. తెల్ల సిమెంటు పసుపునీ కుంకుమనీ దీపం నూనెనీ పీల్చేసుకుంటుంది, ఎపాక్సీకి అవి అంటవు. ఖర్చు ఎక్కువే, ఇల్లంతా అక్కర్లేదు.

రెండో విషయం, టైల్ కింద పట్టు. మన దగ్గర పాత పద్ధతి ఏమిటంటే సిమెంటు, ఇసుక ఒకటికి ఆరు పాళ్లలో పొడిపొడిగా కలిపి పరిచి, పైన సిమెంటు పాలు పోసి టైల్ ఆనించి రబ్బరు సుత్తితో కొట్టడం. బండలకీ గ్రానైట్‌కీ ఈ పద్ధతి ఇప్పటికీ సరిపోతుంది, ఆ రాళ్ల అడుగు గరుకుగా ఉంటుంది. విట్రిఫైడ్ టైల్ నీళ్లు పీల్చదని షాపులో గొప్పగా చెప్తారు కదా, ఆ గుణమే ఇక్కడ అడ్డం వస్తుంది. సిమెంటు పాలు దాని లోపలికి దిగవు కాబట్టి సిమెంటు పట్టు గట్టిగా దొరకదు. అందుకే టైల్ అడెసివ్ వాడమనేది. అడెసివ్ బస్తా మీద ఐఎస్ 15477 అని ఉందా, విట్రిఫైడ్‌కి పనికొచ్చే రకమేనా అని చూసుకోవాలి. కాకపోతే అడెసివ్ మందం కొన్ని మిల్లీమీటర్లే, నేల ఎగుడుదిగుడుగా ఉంటే అది పూడ్చదు, ముందు రోజుల్లోనే సిమెంటు మాలుతో నేలని మట్టం చేసి ఆరనివ్వాలి. ఈ మొదటి పని ఎగ్గొట్టి, పల్లం ఉన్నచోట అడెసివ్ ముద్దలు ముద్దలుగా పెట్టి టైల్ అతికిస్తే ఖరీదైన అడెసివ్ వాడినా లాభం లేదు.

ముద్దలు పెట్టడం అనేది విడిగా చెప్పుకోవాల్సిన జబ్బు. టైల్ వెనక నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒకటి పెట్టి గబుక్కున అతికించేస్తారు, పని మూడింతలు వేగంగా అవుతుంది. ముద్దల మధ్య ఖాళీగా ఉన్నచోట తర్వాత కుక్కర్ జారిపడినా, మంచం కోడు ఆనినా టైల్ పగులుతుంది. బాత్రూం గోడలకైతే ఆ ఖాళీల్లో నీళ్లు చేరి పక్కగదిలో పెయింటు ఉబ్బుతుంది. పళ్లున్న తాపీతో అడెసివ్‌ని ఒకే దిశలో గీతలు గీసినట్టు పరిచి, టైల్ ఆనించి కాస్త కదిపి నొక్కాలి. పెద్ద టైల్ అయితే దాని వెనక్కూడా పల్చగా పూయాలి. ఇది సరిగ్గా జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక్కటే మార్గం, మొదటి రోజు వేసిన మొదటి నాలుగైదు టైల్స్‌లో ఒకదాన్ని ఆరకముందే ఊడదీయమని అడగడం. వెనక కనీసం 80 శాతం, తడి చోట్ల 95 శాతం అంటుకుని ఉండాలి. మేస్త్రికి కోపం వస్తుందని మొహమాటపడొద్దు, ఊడదీసిన టైల్ కడిగి మళ్లీ వేయడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలతో మిగతా ఇల్లంతా పని తీరు మారుతుంది. మాలు పద్ధతిలో వేస్తుంటే పొడి మాలుని గుప్పిట్లో నొక్కి చూడాలి, ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. పొద్దున కలిపిన మాలునే మధ్యాహ్నం నీళ్లు చల్లి మళ్లీ కలుపుతుంటే ఆపించాలి, అది అప్పటికే సత్తువ కోల్పోయి ఉంటుంది.

వేసే ముందు టైల్స్‌ని ఊరికే నేలమీద పరిచి చూపించమనండి. గది మూలలు నిజంగా మూలమట్టంలో ఉన్నాయో లేదో 3-4-5 లెక్కతో తేలిపోతుంది, మూల నుంచి ఒక గోడ మీద 3 అడుగులు, రెండో గోడ మీద 4 అడుగులు గుర్తు పెడితే వాటి మధ్య సరిగ్గా 5 అడుగులు రావాలి. గది వంకరగా ఉంటే ఆఖరి వరసలో ముక్కలు ఒకవైపు సన్నగా మరోవైపు వెడల్పుగా వస్తాయి, ఆ వరస ఎటువైపు రావాలో ముందే చెప్పాలి. గుమ్మంలోంచి చూడగానే నిండు టైల్ కనపడాలి, ముక్కలు మంచం కిందకో బీరువా వెనక్కో పోవాలి. రెండు గదుల టైల్ కలిసేది తలుపు మూసినప్పుడు తలుపు కిందకి రావాలి. ఇవి చెప్పకపోతే మేస్త్రి తనకి సులువైన మూల నుంచి మొదలుపెడతాడు, అది అతని తప్పు అనడానికి లేదు.

బాత్రూంలో టైల్ వేయకముందే వాటర్‌ప్రూఫింగ్ చేయించి, జాలీ మూసేసి రెండు మూడు అంగుళాల నీళ్లు నిలబెట్టి 24 నుంచి 48 గంటలు వదలాలి. కింది అంతస్తు కప్పు మీద చెమ్మ కనపడితే అప్పుడే సరిచేయొచ్చు. వాటం అడుగుకి అంగుళంలో ఎనిమిదో వంతు చొప్పున జాలీ వైపు ఉండాలి, 8 అడుగుల బాత్రూంలో ఆ చివర నుంచి ఈ చివరికి అంగుళం. రసమట్టం పెట్టి చూస్తే బుడగ తెలుపుతుంది, టైల్స్ పడ్డాక బకెట్టు నీళ్లు గుమ్మరిస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఐదు నిమిషాల తర్వాత ఎక్కడా గుంట నీళ్లు మిగలకూడదు. బాత్రూం నేల గది నేలకంటే కనీసం అర అంగుళం కిందే ఉండాలి, గదికి వాటం అక్కర్లేదు.

గదుల్లో పరీక్షకి పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. వేసిన రెండు మూడు రోజుల తర్వాత ఒక ఇనుప కడ్డీ గానీ కర్ర గానీ తీసుకుని ప్రతి టైల్ మధ్యలో, నాలుగు మూలల్లో తట్టుకుంటూ పోవాలి, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు వినిపించిన చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టాలి. ఒక మూల చిన్న డొల్ల ఉన్నంత మాత్రాన టైల్ తీయించక్కర్లేదు, సగానికి పైగా డొల్లగా ఉన్నవాటిని, నడిచే దారిలో ఉన్నవాటిని, అంచు పొడవునా డొల్ల ఉన్నవాటిని మాత్రం తీయించాలి. గ్రౌటు నింపకముందే ఈ పని చేయాలి, తర్వాతైతే పక్క టైల్స్ అంచులు పగలగొట్టకుండా తీయడం కష్టం. రాత్రిపూట లైట్లు ఆర్పేసి టార్చిని నేలకి ఆనించి వెలుతురు పారించండి, పగలు కనపడని ప్రతి ఎత్తూ నీడ వేస్తుంది. చెప్పుల్లేకుండా ఇల్లంతా ఒకసారి నెమ్మదిగా తిరిగితే అరికాలికి తగిలే అంచు కళ్లకంటే ముందు తెలుస్తుంది. పక్కపక్క టైల్స్ మధ్య ఎత్తు తేడా 1 మిల్లీమీటరు దాటితే అడగాలి. పది అడుగుల బద్ద నేలమీద పెట్టినప్పుడు దానికింద 3 మిల్లీమీటర్లకి మించి వెలుతురు కనపడకూడదు.

ముహూర్తం మాట కూడా చెప్పుకోవాలి. ఫలానా రోజు పాలు పొంగించాలని ఆరు నెలల ముందే పెట్టుకున్నాక, శ్లాబు పని ఆలస్యమైనా, ప్లాస్టరింగ్ ఆలస్యమైనా, ఆ ఆలస్యమంతా ఆఖర్లో ఉండే ఫ్లోరింగ్ మీదే పడుతుంది. పది రోజుల పని నాలుగు రోజుల్లో చేయమంటారు, రాత్రిళ్లు కూడా వేయిస్తారు, ఇవాళ వేసిన నేల మీద రేపు పెయింటర్లు నిచ్చెన పెడతారు. టైల్ వేశాక కనీసం ఒక రోజు ఎవరూ దానిమీద నడవకూడదు, గ్రౌటింగ్ ఆ తర్వాతే, బరువైన సామాను ఇంకొన్ని రోజుల తర్వాత. ఫాల్స్ సీలింగ్, వైరింగ్ లాంటి పై పనులన్నీ ముందే ముగియాలి, పూర్తయిన నేల మీద ప్లాస్టిక్ షీటు పరిచి దానిమీద పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) పోయించుకుంటే ఆ తర్వాత వచ్చే కార్పెంటర్ల, పెయింటర్ల నుంచి కాపాడుకోవచ్చు. అంత సమయం లేకపోతే శుభకార్యం వరకు కింది గదులు రెండు ముగించుకుని, మిగతా నేల నెమ్మదిగా చేయించుకోవడం నయం. పూజకి ఇల్లంతా టైల్స్ వేసి ఉండాలన్న నియమం ఎక్కడా లేదు.

డబ్బు ఇచ్చే పద్ధతి మీదే పని నాణ్యత చాలావరకు ఆధారపడుతుంది. చదరపు అడుగుకింత అని మాట్లాడుకుంటే ఎంత త్వరగా ముగిస్తే మేస్త్రికి అంత మిగులుతుంది, కాబట్టి అతను తొందరపడటం సహజం. రోజుకూలి అయితే నాణ్యత కాస్త మెరుగు, ఖర్చు ఎంత అవుతుందో చెప్పలేం. మధ్యేమార్గంగా చదరపు అడుగు రేటే మాట్లాడుకుని, మామూలు కంటే ఒకటి రెండు రూపాయలు ఎక్కువిచ్చి, షరతులు ఒక కాగితం మీద తెలుగులో రాసుకోవచ్చు: స్పేసర్లు పెట్టాలి, ముద్దలు పెట్టకూడదు, డొల్ల టైల్స్ మళ్లీ వేయాలి, కోతలో పగిలినవి ఇంత శాతం దాటితే ఎవరు భరించాలి, అంచు మౌల్డింగ్, స్కర్టింగ్ రేటులో కలిసే ఉన్నాయా విడిగానా. మొత్తంలో పదో వంతు తట్టి చూసే పరీక్ష అయ్యాక ఇస్తామని ముందే చెప్పాలి. మంచి మేస్త్రి దీనికి అభ్యంతరం చెప్పడు. అతను రెండేళ్ల కిందట వేసిన నేల ఒకటి చూపించమని అడగండి, కొత్తగా మెరిసే నేల చూసి ఏమీ చెప్పలేం.

ఫ్లాట్ కొనుక్కునేవాళ్లకి మేస్త్రితో మాట్లాడే అవకాశం ఉండదు, కానీ చట్టం ఒకటి ఉంది. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాట్ అప్పగించిన రోజు నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ లోపం బయటపడి మనం బిల్డర్ దృష్టికి తీసుకెళ్తే, 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. టైల్స్ లేవడం, బాత్రూం లీకేజీ పనితనం లోపం కిందికే వస్తాయి. నోటిమాటగా చెప్పి ఊరుకోకుండా తేదీ వేసి ఉత్తరమో ఈమెయిలో పంపాలి, ఫోటోలు జతచేయాలి. తాళాలు తీసుకునే ముందే కర్రతో తట్టి చూసే పరీక్ష చేసి, గుర్తు పెట్టిన టైల్స్ జాబితా మీద సైటు ఇంజనీరు సంతకం తీసుకుంటే తర్వాత ఈ లోపం మీరు సామాను పెట్టడం వల్ల వచ్చిందని ఎవరూ అనలేరు. సొంత ఇంటికి ఈ చట్టం వర్తించదు, అక్కడ మేస్త్రితో రాసుకున్న ఆ కాగితమే ఆధారం.

పని ముగిశాక మిగిలిన టైల్స్‌ని మేస్త్రి షాపులో తిరిగిచ్చేద్దామంటాడు, లేదా పనివాళ్లు పట్టుకుపోతారు. ప్రతి డిజైన్‌లో ఒక బాక్సు ఉంచేసుకోండి. కంపెనీలు డిజైన్లు తరచూ మార్చేస్తుంటాయి, మూడేళ్ల తర్వాత పైపు రిపేరుకి రెండు టైల్స్ పగలగొట్టాల్సి వస్తే అదే టైల్ బజార్లో దొరకదు. బాక్సుని మెట్ల కింద నిలువుగా ఆనించి, పైన ఏ గదిదో, షేడ్ నంబరెంతో, గ్రౌటు రంగేంటో మార్కరుతో రాసి పెట్టుకుంటే చాలు.